మస్టర్ల లెక్క

కరీంనగర్,
6 జులై 2025

బిడ్డా,

నువ్వు పంపిన టైంటేబులు ఫోటోను పెద్దది చేసుకుని మరీ చూశాను. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు, స్కేలు పెట్టి గీసిన గళ్లు, పొద్దున నాలుగింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా చదువే చదువు. అన్నానికి ఇరవై నిమిషాలు ఇచ్చావు. రాత ముద్దుగా ఉంది. కానీ ఆ కాగితంలో నువ్వొక్కదానివే ఉన్నావు. మీ బాపు లేడు, అమ్మ లేదు, రాఖీ లేదు, చవితి లేదు, కరెంటు పోయిన మధ్యాహ్నం లేదు. కమాన్‌పూర్‌లో మన ఇంట్లో అట్లాంటి రోజు ఒక్కటన్నా ఎప్పుడైనా తెల్లారిందా?

దాని సంగతి తర్వాత. ముందు తొందర పని. సీఏ ఫౌండేషన్ పరీక్ష దరఖాస్తు నిన్ననే మొదలైంది, ఈ నెల 18 దాకానే గడువు. ఆ తర్వాత మూడు రోజులు 600 రూపాయల జరిమానాతో తీసుకుంటారు, అంతే. మే ఒకటి లోపు రిజిస్ట్రేషన్ చేశాం కదా అని నిశ్చింతగా ఉంటావేమో. రిజిస్ట్రేషన్ అంటే ఇన్‌స్టిట్యూట్‌లో నీ పేరు ఎక్కడం మాత్రమే. ఈ సెప్టెంబరులో రాస్తానని విడిగా ఫారం పెట్టాలి. చదువంతా పూర్తి చేసి, ఫారం పెట్టడం మరిచి ఇంట్లో కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. సెంటరు కరీంనగర్ పెట్టు. ఆ వారం మా ఇంట్లోనే ఉందువు.

ఇక టైంటేబులు. మీ తాత బొగ్గుబాయిలో కోల్ ఫిల్లరుగా చేసిన రోజుల్లో మన ఇంటి గోడకు ఒక క్యాలెండరు ఉండేది, అందులో దేవుడి బొమ్మ కన్నా ఎర్ర పెన్ను గుర్తులే ఎక్కువ. బాయిలో దిగినరోజు సున్నా, దిగనిరోజు అడ్డగీత. భూమి లోపల పనిచేసేవాళ్లకు అప్పుడు ఏడాదికి 190 మస్టర్లు, అంటే హాజర్లు, నిండాల్సి ఉండేది, పైన చేసేవాళ్లకు 240. అవి నిండితేనే జీతంతో సెలవుల లెక్క కుదిరేది. అప్పటి గనుల చట్టంలోనే ఉండేది ఆ మాట. తాతకు చట్టం తెలియదు, 190 తెలుసు. జనవరిలో కొత్త క్యాలెండరు రాగానే ముందు సున్నాలు గీసేవాడు కాదు, అడ్డగీతలు గీసేవాడు. నాట్లకు ఇన్ని, చుట్టాల పెళ్లిళ్లకు ఇన్ని, జాతరకు ఇన్ని, జ్వరానికి ఇన్ని. మిగిలినవి లెక్కపెట్టి 190 వస్తున్నాయా లేదా చూసుకునేవాడు. రాకపోతే జ్వరాన్నే తగ్గించాలి అని నవ్వేవాడు. సీఏ పాసైన దాన్ని, ఎన్నో కంపెనీల బడ్జెట్లు చూశాను. అంత నిజాయితీగా వేసిన బడ్జెట్ తక్కువ.

నువ్వూ అట్లాగే మొదలుపెట్టు. ఈ ఉత్తరం ఎల్లుండి నీ చేతికి వస్తే, సెప్టెంబరు 16 మొదటి పేపరుకు సరిగ్గా 70 రోజులు. అందులో పది ఆదివారాలు. అవి ప్లేడేలు, అంటే ఆదివారం డ్యూటీలు అనుకో, పోయిన మస్టర్లు కట్టుకోవడానికే తప్ప కొత్త పాఠానికి వాడకు. మిగిలింది 60. రాఖీ, చవితి, శ్రావణంలో పడే పెళ్లి, ఒక జ్వరం కలిపి ఆరు తీసెయ్. 54. రోజుకు నువ్వు రాసుకున్నన్ని గంటలు వద్దు, మూడేసి గంటల మస్టర్లు రెండు చాలు, ఫోను మాత్రం పక్క గదిలో ఉండాలి. మొత్తం 108. చివరి 12 రోజులవి, అంటే 24 మస్టర్లు, పక్కన పెట్టు. ఆ రోజుల్లో కొత్తది ఒక్క ముక్క చదవొద్దు. మిగిలిన 84లో అకౌంట్స్‌కు 30, లాకు 22, లెక్కలకు 22, ఎకనామిక్స్‌కు 10. ఈ పంపకం నీకు నప్పకపోతే మార్చుకో. మొత్తం మాత్రం మార్చకు.

లాకు అన్ని ఇవ్వడానికి కారణం ఉంది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదానివి. ఈ పరీక్ష ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి, తెలుగు లేదు. లా నీకు అర్థం కాక మార్కులు పోవు, రాయలేక పోతాయి. అందుకే ఆ 22లో సగం చదవడానికి కాదు, చేత్తో రాయడానికి. సెక్షన్ ఏం చెప్తుంది, ఇక్కడ జరిగిందేమిటి, కాబట్టి ఏం తేలుతుంది అని మూడు పేరాలు. నాకు ఫోటో తీసి పంపు, ఎర్ర పెన్నుతో దిద్దుతాను.

ఇప్పుడు మీ బాపు షిఫ్టులు. ఓసీలో, అంటే ఓపెన్‌కాస్ట్ గనిలో, డంపరు నడిపేవాడి ఇల్లు ఆయన షిఫ్టుతో పాటే తిరుగుతుంది. ఫస్ట్ షిఫ్ట్ వారంలో ఐదింటికే వంటింట్లో గిన్నెల చప్పుడు, నువ్వూ అప్పుడే లేచి ఎనిమిదింటి దాకా ఒక మస్టర్ వేసుకో. సెకండ్ షిఫ్ట్ వారంలో ఆయన పదకొండింటికి దిగి ఇల్లు చేరి తినేసరికి పన్నెండు దాటుతుంది, మీ అమ్మ కూడా మేలుకునే ఉంటుంది. ఆ వారం తెల్లవారుజాము లెక్కలు పెట్టుకోకు, నిద్ర చాలదు. నైట్ షిఫ్ట్ వారమే నీకు బంగారం. పొద్దున ఎనిమిది నుంచి మధ్యాహ్నం దాకా ఆయన నిద్ర కోసం ఇంట్లో టీవీ ఉండదు, గొంతు పెంచి మాట ఉండదు. కరీంనగర్‌లో డబ్బు కట్టి రీడింగ్ రూముకు పోయే పిల్లలకు కూడా అంత నిశ్శబ్దం దొరకదు. నువ్వు గీసిన గళ్లకు తేదీలున్నాయి కానీ, మన ఇంట్లో లెక్క తేదీలతో కాదు, షిఫ్టులతో. టైంటేబులు మూడు రకాలుగా రాయి, ఏ వారం ఏ షిఫ్టో చూసి అది తీయి.

ఇంకొకటి. పరీక్ష మొదలయ్యేది మధ్యాహ్నం రెండింటికి. నువ్వేమో ఆ వేళ గడిలో "విశ్రాంతి" అని రాసుకున్నావు. రెండు నెలలు రెండింటికి పడుకున్న ఒళ్లు సెప్టెంబరు 16న హఠాత్తుగా మేలుకోదు. కనుక ఆ చివరి 12 రోజులూ సరిగ్గా రెండింటికి కూర్చుని ఒక పూర్తి పేపరు రాయి, పొద్దుటి మస్టరులో నిన్నటి తప్పులు చూసుకో. నాలుగు పేపర్లు మూడేసి సార్లు వస్తాయి. ప్రశ్నలకు కొరత లేదు, ఇన్‌స్టిట్యూట్ వాళ్లే ఆర్‌టీపీలు (రివిజన్ పేపర్లు), ఎంటీపీలు (మాక్ పేపర్లు) ఉచితంగా ఇస్తారు. మధ్యలో ఓసీ బ్లాస్టింగుకు కిటికీలు అదురుతాయి, అదరనీ. సెంటరులో పక్క పిల్ల కుర్చీ కిర్రుమన్నా నీకు వినపడదు.

నా కథ నీకు ఎవరూ పూర్తిగా చెప్పి ఉండరు. 2004 మేలో, ఇప్పుడు మీరు సీఏ ఇంటర్ అంటున్నదాన్ని అప్పుడు పీఈ-2 అనేవాళ్లం, దాని మొదటి గ్రూపు రాయడానికి భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ పోయాను. అకౌంట్స్ బాగానే రాశాను. ఆడిటింగ్ రోజు మాత్రం చేయి ఆడలేదు. రాత్రంతా ఏడ్చి, ఎట్లాగూ పోయిందని లా పేపరు రాయకుండానే రైలెక్కి ఇంటికొచ్చాను. తాత ఏమీ అనలేదు. మార్కులొచ్చినరోజు తెలిసింది, అకౌంట్స్‌లో 64. గ్రూపు పోయినా ఒక పేపరులో 60 దాటితే ఆ పేపరు మళ్లీ రాయనక్కర లేకుండా మినహాయింపు వస్తుంది. కానీ ఆ గ్రూపులో అన్ని పేపర్లకూ హాజరై ఉండాలి. నేను లాకు పోలేదు. మూడు గంటలు ఊరికే కూర్చుని వచ్చినా నాది అయ్యేది. ఏడాదికి రెండే సార్లు పరీక్షలు ఆ కాలంలో, మేలో, నవంబరులో. ఆర్నెల్లు అవే జర్నల్ ఎంట్రీలు మళ్లీ రాశాను. తాత అప్పుడు ఒక్క మాటన్నాడు: "హాజరు లేకుంటే ఎంత బొగ్గు ఎత్తినా లెక్కకు రాదు గదనే."

నీ ఫౌండేషన్‌లో మినహాయింపులు లేవు, నాలుగూ ఒకేసారి గట్టెక్కాలి. ఒక్కోదానిలో 40, మొత్తం 400కి 200. కనుక ఒక పేపరు చెడిందనిపించినా 40 దాటి ఉండొచ్చు, కొరత తక్కినవి పూడుస్తాయి. పేపరుకూ పేపరుకూ మధ్య ఒక రోజు ఖాళీ ఉంది. ఆ రోజు సమాధానాలు సరిచూసుకునే పిల్లల దగ్గరికి పోకు. లెక్కలు, ఎకనామిక్స్ రెండూ సరైన జవాబుకు గుర్తు పెట్టే పేపర్లు, తప్పుకు పావు మార్కు కోత. తెలియనిది వదిలెయ్యడం కూడా మాక్ పేపర్లలోనే అలవాటు చేసుకో.

నువ్వు పంపిన రెండో కాగితంలో "2027 కల్లా సీఏ" అని రాశావు. కొట్టెయ్. ఈ సెప్టెంబరుది ఫలితం వచ్చేసరికి నవంబరు అవుతుంది. జనవరి ఒకటి లోపు ఇంటర్‌కు రిజిస్టర్ అయితే, ఎనిమిది నెలల చదువు తర్వాత వచ్చే సెప్టెంబరు నీది. ఏడాదికి మూడు విడతలున్నా, ఫౌండేషన్ ఏ విడతలో రాస్తే మరుసటి ఏడు అదే విడతలో ఇంటర్ పడుతుంది, నువ్వే లెక్క వేసి చూడు. ఆ తర్వాత రెండేళ్లు ఆర్టికల్‌షిప్, ఆ రెండేళ్లలోనే నాలుగు సెట్ల ఆన్‌లైన్ పరీక్షలు, ఆపైన ఆరు నెలల ఎడం. ఒక్కటీ తప్పకుండా నడిస్తే ఫైనల్ 2029 సెప్టెంబరు. ఇంటర్ రెండు గ్రూపులూ కలిపి రాయాలా, విడిగానా అని అప్పుడు మాట్లాడుకుందాం. నా మనసు కలిపి రాయమనే, ఒక గ్రూపులో మిగిలిన మార్కులు రెండోదాన్ని లాగుతాయి కనుక. కానీ అది నువ్వు వేసే మస్టర్లను బట్టి.

డిసెంబరులో సీఎంఏ ఫౌండేషన్ కూడా రాస్తానన్నావు. వద్దు. సీఏ ఇంటర్ పాసైతే సీఎంఏ ఇంటర్‌లో నేరుగా చేరొచ్చు, ఇప్పుడు ఆ ఫీజు దండగ. సింగరేణిలో ఫైనాన్స్ మేనేజ్‌మెంట్ ట్రైనీకి సీఏ అయినా సీఎంఏ అయినా పనికొస్తుంది కనుక ఆ ఉద్యోగం కోరికకూ తొందర లేదు. టన్ను బొగ్గుకు ఎంత మట్టి తీయాల్సొచ్చింది, దానికెంత ఖర్చయింది అని లెక్క కట్టే ఉద్యోగం మన ఇంటి పిల్లకు రావాలని నాకూ ఉంది. సీఎఫ్‌ఏ ఊసు ఇప్పుడు ఎత్తకు. డిగ్రీ పూర్తవడానికి 23 నెలల లోపు ఉన్నవాళ్లనే మొదటి లెవెల్‌కు రానిస్తారు. నువ్వింకా డిగ్రీలో చేరనేలేదు.

సెప్టెంబరు 21 ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. మర్నాడే నీ నాలుగో పేపరు. ఆ సాయంత్రం నువ్వు మా ఇంట్లో ఉంటావు, మేం వాకిట్లో పేరుస్తాం. గదిలో తలుపేసుకుని కూర్చుంటానని అనకు, ఎట్లాగూ పాట వినిపిస్తుంది. తంగేడు అందించు, ఒక గంట ఆడు, ఎనిమిదింటికి లోపలికి రా. ఆ గంటను ఇప్పుడే క్యాలెండరులో అడ్డగీత కొట్టి పెట్టు. సద్దుల బతుకమ్మకు కమాన్‌పూర్‌లో మీ అమ్మ దగ్గరే ఉంటావు.

నీ గళ్ల కాగితం దాచుకో, గోడకు మాత్రం పెద్ద అంకెల క్యాలెండరు తగిలించు. మూడు నెలల షిఫ్టులు మీ బాపు చేతనే రాయించి, ఫోటో పంపు.

ప్రేమతో,
నీ మేనత్త