చక్రములపై ఇల్లు

ఇల్లు కదలదు; మనమే ఇల్లు విడిచి పోవుదుము. కాని ఇంటినే వెంటబెట్టుకొని పోవువారును లోకమున కలరు. ఐరోపా ఖండమున రోమానీలను సంచారజాతివారు పూర్వము గుఱ్ఱములు లాగు బండ్లలోనే కాపురముండెడివారు. అట్టి బండ్లను చూచి ముచ్చటపడి గార్డన్ స్టేబుల్స్ అను స్కాట్లండు వైద్యుడు 1885లో బ్రిస్టలు నగరమున తనకొక బండిని చేయించుకొనెను. ఆయన నౌకాదళమున వైద్యుడుగా పనిచేసి, పిమ్మట బాలుర కొఱకు కథలు వ్రాసినవాడు. ఆ బండికి ‘వాండరర్’, అనగా సంచారి, అని పేరిడి, రెండు గుఱ్ఱములను పూన్చి, దక్షిణ ఇంగ్లండునుండి స్కాట్లండులోని ఇన్వర్నెస్ వఱకు పోయెను. 1907లో ఇట్టి యాత్రికుల సంఘమొకటి బ్రిటనులో వెలసెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము గుఱ్ఱముల స్థానమును మోటారుకార్లు ఆక్రమించినవి. 1938లో వేతనముతో కూడిన సెలవులకు దారితీసిన శాసనము వచ్చెను. క్రమముగా ఈ విహారము సామాన్య కుటుంబములకును అందుబాటులోనికి వచ్చెను. ఇట్టి బండినే కారవాన్ అందురు.

అట్టి బండిలో మా కుటుంబము 2016వ సంవత్సరము ఆగస్టు నెలలో చేసిన యాత్రను గూర్చి చెప్పెదను. అప్పుడు నాకు పదమూడేండ్లు. మా నాన్నగారు వేల్సు దేశపు ముఖ్యపట్టణమగు కార్డిఫ్ నందు వైద్యులు. 1948లో బ్రిటనున జాతీయారోగ్యసేవ ఏర్పడిన తరువాత మన దేశమునుండి పెక్కుమంది వైద్యులు వేల్సులోని బొగ్గుగనుల లోయలకు పోయి ప్రజలకు సేవచేసిరి. మా నాన్నగారును ఆ బాటనే అచ్చటికి చేరినవారు. ఆ యేడు మా నాయనమ్మ కృష్ణాజిల్లా దివిసీమనుండి మమ్ము చూడవచ్చెను. సముద్రతీరమునకు పోవుదమనగానే ఆమె ముఖము కొంచెము చిన్నబోయినది. కాని పిల్లల ముచ్చట కాదనలేక, “సరే, మీరు పోవుచోటికే నేనును” అనెను.

కారు వెనుక కారవానును తగిలించుకొని ఉత్తరముగా బయలుదేరితిమి. బండిని లాగు కారు ఆ దేశపు ఇరుకు బాటలలో గంటకు 80 కిలోమీటర్లకు మించి పోరాదు. బ్రెకన్ కొండలను దాటి, కేంబ్రియన్ పర్వతముల నెక్కి దిగి, పడమటి తీరమందలి అబరిస్ట్విత్ పట్టణమును చేరితిమి. అచ్చటికి ఉత్తరమున కొలది దూరములోనే బోర్త్ అను గ్రామము కలదు. ముందు కార్డిగన్ అఖాతము, వెనుక తడినేల, నడుమ సన్నని నాడెవలె సాగిన ఊరు. ఊరి కావల పచ్చిక మైదానమున మా బండి నిలిచినది.

బండి నిలిచినంతనే విశ్రాంతి లేదు. ఈ ఇంటిలో ప్రతివానికిని ఒక పని కలదు. నాన్నగారు నేల వాలు చూచి బండిని సమముగా నిలిపి, నాలుగు మూలల ఇనుప కాళ్లను దింపిరి. అమ్మ గ్యాసు సిలిండరును, పొయ్యిని సరిచూచెను. అక్క గుండ్రని నీటిపీపాను నేలపై దొర్లించుకొనిపోయి కొళాయివద్ద నింపి తెచ్చెను. బండి ప్రక్కన వేయు గుడ్డపందిరి నా వంతు. దాని గడలను నిలిపి, మేకులు దిగగొట్టి, గాలికి లేవకుండ పైనుండి పట్టెలు వేసి రెండువైపుల నేలకు బిగింపవలెను. నాయనమ్మకు ఏ పనియు చెప్పలేదు. ఆమె తానే వంటగది వశపఱచుకొనెను.

లోపల నిలువునా ఆఱడుగులు నడిచిన గోడ తగులును. పగలు కూర్చుండు బల్లలే రాత్రికి పడకలగును. భోజనపు బల్ల మడిచినచో గోడకు అంటుకొని పోవును. ఒకరు లేచిన మఱొకరు కూర్చుండవలెను. ఒకరు దుప్పటి లాగిన మఱొకరికి మెలకువ వచ్చును. పెద్ద యింటిలో ఎన్నడును మాటలాడుకొనని విషయములు ఆ చిన్నగదిలో మాటలాడుకొంటిమి.

మాట్లాడుకొనుటకు తీరిక నిచ్చినది వాన. మొదటి మూడు దినములును అది తెఱపి యీయలేదు. నైఋతి దిక్కునుండి వీచు గాలులు అట్లాంటిక్ మహాసముద్రముపై తేమను త్రాగి వచ్చి వేల్సు కొండలకు తగులుకొని వర్షించును. వెచ్చని సముద్రప్రవాహ మొకటి ఆ తీరమును చేరుటచే శీతకాలమునందును అచ్చట గడ్డకట్టు చలి అరుదు; కాని నడివేసవియందును ఇరువది డిగ్రీల వేడి చేరుట అంత తఱచు కాదు. నాన్నగా రొక విశేషమును చెప్పిరి. బందరులోను అబరిస్ట్విత్ లోను సంవత్సరమునకు కురియు వాన ఇంచుమించు సమానమే, సుమారు 1000 మిల్లీమీటర్లు. కాని మన వాన కొన్ని నెలలలో కుంభవృష్టిగా కురిసి పోవును. ఆ వాన ఏడాది పొడవునను సన్నగా రాలుచునే యుండును. నాయనమ్మ కిటికీలోనుండి చూచి, “ఇది వానయా, జల్లెడ పట్టిన పిండియా?” అని నవ్వి, ఉల్లిపాయ పకోడీలు వేసెను. ఆ వాసనకు ప్రక్క బండిలోని వృద్ధదంపతులును వచ్చి మా పందిరిలో కూర్చుండిరి. ఆ వృద్ధుడు బొగ్గుగనిలో పనిచేసి విశ్రాంతి గైకొనినవాడు. నాయనమ్మకు ఇంగ్లీషు రాదు. ఆయనకు తెలుగు రాదు. పకోడీలకు ఏ భాషయు అక్కఱలేకపోయినది.

నాలుగవ దినము సాయంకాలము గట్టిగాలి వీచునని రేడియో చెప్పెను. “బాబూ, పందిరి పట్టెలు బిగించితివా?” అని నాన్నగా రడిగిరి. నేను ఒకవైపు బిగించితిని. రెండవవైపు బురద, పైగా వాన. తరువాత చూతమనుకొని, “బిగించితిని నాన్నగారూ” అంటిని. ఆ తరువాత పుస్తకములో పడి ఆ సంగతియే మఱచితిని.

అర్ధరాత్రమున గాలి లేచినది. బండి ఊగసాగెను. ఇంతలో పెద్ద చప్పుడు. బిగింపని ప్రక్కనుండి గాలి దూఱి పందిరిని తెరచాపవలె పైకెత్తినది. ఒక ఇనుపగడ ఊడిపోయి ప్రక్క బండి కిటికీకి తగిలినది. నాన్నగారు, అమ్మ, నేను వానలోనికి పరుగెత్తితిమి. ఆ వృద్ధుడును టార్చి పట్టుకొని వచ్చెను. నలుగురమును ఆ గుడ్డను నేలకు అదిమిపట్టి, గడలను విప్పి, చుట్టివేయుసరికి గంట పట్టినది. ఆయన తన కిటికీవైపు చూడనైన చూడక, “గాలి బలమైనది, మీరేమి చేయుదురు?” అని నా భుజము తట్టి పోయెను. ఆ మాట నాకు దెబ్బకంటె ఎక్కువ నొప్పి కలిగించెను.

లోనికి వచ్చి చూడగా నాయనమ్మ బల్ల అంచును రెండుచేతుల పట్టుకొని కూర్చుండియుండెను. “నీరు వచ్చినదా?” అని అడిగెను. రాలేదని నాన్నగారు చెప్పి ఆమె చేతులను విడిపించిరి. అమ్మ వేడిపాలు ఇచ్చెను. అప్పుడామె మాతో ఎన్నడును చెప్పని విషయమును చెప్పెను.

“1977 నవంబరు 19వ తేదీ. మీ నాన్న రెండేండ్లవాడు. ఇట్లే గాలి. ఆ హోరులో సముద్రము లేచి ఊళ్లమీద పడినది. మనుష్యులను, పశువులను, ఇండ్లను కలిపి ఈడ్చుకొనిపోయినది. వీనిని వీపున కట్టుకొని ప్రక్కవారి మేడకు పరుగెత్తితిని. ఆ యింటి పెద్ద మెట్ల తలుపు తెఱచి అచ్చటనే నిలిచియున్నాడు. తనవారందఱును పైకి చేరిరి; తానును పోవచ్చును. పోలేదు. నీళ్లు నడుమువఱకు వచ్చినను, వచ్చినవారి నెల్ల చేయిపట్టి లోనికి లాగెను. ఆ తలుపున ఆయన నిలువకున్న మీ నాన్న లేడు, మీరును లేరు.”

ఆ ఉప్పెన సుమారు అయిదాఱు మీటర్ల ఎత్తున లేచినదనియు, దివిసీమయందును చుట్టుపట్లను పదివేలమందికి పైగా మరణించిరనియు నేను తరువాత చదివితిని. కాని ఆ రాత్రి నాకు కనబడినది లెక్క కాదు. తలుపువద్ద నిలిచిన ఒక మనుష్యుడు.

తెల్లవాఱుసరికి గాలి అణగినది. ఆటు సమయమున సముద్రము చాలదూరము వెనుకకు పోయెను. వృద్ధుడు మమ్ము ఇసుకలోనికి తీసికొనిపోయెను. అచ్చట వందలకొలది నల్లని మొద్దులు, వేళ్లతో సహా, నేలలో నాటుకొని యున్నవి. ఓక్, పైన్, బర్చి చెట్ల మొదళ్లవి. సుమారు 4500 సంవత్సరములకు పూర్వము అది అడవి. సముద్రమట్టము పెరుగగా నేల చిత్తడియై చెట్లు చచ్చినవి. గాలి సోకని నల్లని మెత్తనేలలో పూడియుండుటచే మొద్దులు కుళ్లలేదు. తుపాను ఇసుకను ఊడ్చినప్పుడెల్ల అవి మఱింత బయటపడును. 2014 తొలినెలల తుపానుల తరువాత అట్లే జరిగినదట.

ఈ మొద్దులున్న తీరమున ఒక కథ పుట్టినది. ఇచ్చట ఒక సారవంతమైన రాజ్యముండెడిదట. సముద్రమునకంటె పల్లమగుటచే దానికి కట్టయు, తూములును కలవు. ఆటు వేళ తూములు తెఱచి, పోటు వేళ మూయవలెను. ఆ పని సెయిథెన్నిన్ అనువానిది. ఒకనాటి రాత్రి అతడు విందులో త్రాగి తూములు మూయలేదు. తెల్లవాఱుసరికి రాజ్యము లేదు. మునిగిన ఆ నేలను గూర్చిన పద్యమొకటి పదుమూడవ శతాబ్దపు వ్రాతప్రతియందు కలదు. ఆ ప్రతి అబరిస్ట్విత్ లోని జాతీయ గ్రంథాలయముననే యున్నది.

నాన్నగారు ఈ కథను తెలుగున చెప్పగా నాయనమ్మ తల యూపి, “మా కరకట్టకును తూములున్నవి. మూయువాడు మంచివాడైన చాలదు, మెలకువగా నుండవలెను” అనెను.

నేనిక ఆగలేకపోతిని. “నాన్నగారూ, రెండవవైపు పట్టెలు నేను బిగింపలేదు. బిగించితినని అబద్ధ మాడితిని” అంటిని. ఆ మాట ఇంగ్లీషున వృద్ధునితోడను చెప్పితిని.

నాన్నగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “పట్టె బిగింపకుండుట తప్పే. కాని బిగింపలేదని చెప్పియున్న నేను పోయి బిగించెడివాడను. నీ అబద్ధము ఆ అవకాశమును గూడ పోగొట్టినది” అనిరి. వృద్ధుడు, “గనిలో మేము మొదట నేర్చిన పాఠ మిదియే” అని మాత్రము పలికెను. కిటికీకి పడిన బీటకు నేను దాచుకొన్న సొమ్మునుండి ఖర్చు ఇచ్చితిని. ఆయన వలదనలేదు, తీసికొనెను. అందుకు నేడును ఆయనకు కృతజ్ఞుడను.

మిగిలిన దినములలో ప్రతి సాయంకాలము పందిరి చుట్టు తిరిగి ప్రతి మేకును చేతితో లాగి చూచితిని. ఎవరును నన్నడుగలేదు. చివరిదినము వాన వెలిసి అఖాతముపై ఎండ కాసినది. నాయనమ్మ చీర కుచ్చెళ్లు పైకి పట్టుకొని, నా చేయి ఊతగా నీటి అంచువఱకు నడిచెను. ముప్పదితొమ్మిది సంవత్సరముల తరువాత ఆమె పాదములను మరల సముద్రము తాకినది. “చల్లగా నున్నది” అనెను. నా చేయి మాత్రము విడువలేదు.

ప్రశ్నలు

1. కారవాన్ యాత్రలు బ్రిటనులో ఎట్లు మొదలై వ్యాపించినవి?
2. బందరు వానకును అబరిస్ట్విత్ వానకును గల భేదమేమి?
3. మేడ తలుపువద్ద నిలిచినవానిని, తూములు కాచినవానిని పోల్చి వ్రాయుము.
4. “నీ అబద్ధము ఆ అవకాశమును గూడ పోగొట్టినది” అను మాటను వివరింపుము.