తీపి ముట్టకపోయినా షుగర్ పెరిగిందేం?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఆరేళ్లుగా షుగర్ ఉంది. మాత్రలు వేళకు వేసుకుంటాను, పరగడుపున 120 దాటేది కాదు. మా మామగారికి గుండె ఆపరేషన్ అయ్యాక నెల రోజులుగా రాత్రిళ్లు ఆయన గదిలోనే పడుకుంటున్నాను. ఆయన దగ్గితే చాలు, ఉలిక్కిపడి లేస్తున్నాను. ఇప్పుడు పరగడుపున 170 చూపిస్తోంది. స్వీట్లు తినలేదంటే ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు. బెంగతో షుగర్ పెరుగుతుందా?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: పెరుగుతుందమ్మా. ఈ జవాబు ఇంట్లోవాళ్లకు కూడా చదివి వినిపించండి.

దగ్గు వినగానే మీ గుండె దడదడలాడుతుంది కదా, అది అడ్రినలిన్ పని. మూత్రపిండాల మీద టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు దాన్ని క్షణాల్లో వదులుతాయి. ఆ వెనకే మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికి కబురు పెడుతుంది. పిట్యూటరీ నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోన్ రక్తంలోకి వస్తుంది. దాని ప్రభావంతో అడ్రినల్ గ్రంథుల పైపొర కార్టిసాల్‌ను విడుదల చేస్తుంది. ఆపదలో ఒంటికి శక్తి కావాలి కాబట్టి కార్టిసాల్ కాలేయం చేత గ్లూకోజ్ తయారు చేయిస్తుంది, ఇన్సులిన్ పనిని మందగింపజేస్తుంది. ప్రాణభయంతో పరుగెత్తే మనిషికి ఆ గ్లూకోజ్ ఖర్చయిపోతుంది. మంచం పక్కన మేలుకుని ఉన్న మీకు రక్తంలోనే ఉండిపోతుంది.

కార్టిసాల్ మామూలుగా అర్ధరాత్రి వేళకు బాగా తగ్గి, తెల్లవారుజామున పెరుగుతుంది. రోజూ నిద్ర చెడితే ఆ క్రమం కూడా దెబ్బతింటుంది. తీపి ముట్టకపోయినా పరగడుపున షుగర్ పెరగడానికి ఇది చాలు.

అలాగని బెంగ వల్లేనని వదిలేయకండి. మూత్రంలోనో పంటిలోనో ఇన్ఫెక్షన్ ఉన్నా, స్టెరాయిడ్ మందులు వాడినా షుగర్ ఇలాగే పెరుగుతుంది. ఈ వారంలోనే డాక్టరుకు చూపించుకోండి. హెచ్‌బీఏ1సీ పరీక్ష చేయిస్తే గత రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. మాత్రల మోతాదు మీ అంతట మీరు మార్చొద్దు. షుగర్ 300 దాటినా, వాంతులు, విపరీతమైన దాహం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సాయంత్రం దాటాక టీ, కాఫీ మానండి. భోజనం చేశాక పావుగంట నడవండి, ఆ చక్కెరను కండరాలు వాడుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి కాపలాకు ఇంట్లో అందరూ వంతులు వేసుకోవాలి. మీ వంతు లేని రోజు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. మామగారికి మందులు ఎంత అవసరమో మీకు ఆ నిద్ర అంత అవసరమని ఇంట్లో గట్టిగా చెప్పండి.