యాత్రా బైసికిలును కూర్చుకొను విధము

అంగడిలో సిద్ధముగా దొరకు బైసికిలు ఊరిలో తిరుగుటకు చాలును. కాని బట్టలు, వంటపాత్రలు, గుడారము మోసికొని దినముల తరబడి కొండదారుల వెంట పోదలచినవాడు ఒక్కొక్క అంగమును తానే ఎన్నుకొని, నేర్పరియైన పనివానిచేత బండిని కూర్పించుకొనుట మేలు. గోపురము కట్టదలచినవాడు ముందుగా లెక్క చూచుకొనవలెనను సువార్తలోని ఉపమానము మన మెరిగినదే. ఈ పనికిని అట్టి బుద్ధియే కావలయును. ఎంత బరువు మోయవలెను? దారి యెట్టిది? దారిలో బండి చెడినచో బాగుచేయువాడు దొరకునా? ఈ మూడు ప్రశ్నలకు ఉత్తరము చెప్పుకొనిన పిమ్మటనే అంగడికి పోవలెను.

థామస్ స్టీవెన్స్ అనునతడు 1884 ఏప్రిలులో సాన్ ఫ్రాన్సిస్కో నుండి బయలుదేరి, సముద్రములను ఓడలలో దాటుచు, భూమిమీద బైసికిలు త్రొక్కుచు 1886 డిసెంబరులో జపానులోని యొకొహామా చేరెను. నడుమ లాహోరు నుండి కలకత్తా వరకు మన దేశపు బాటనుగూడ త్రొక్కెను. అతని బండి ముందు చక్రము వ్యాసము 50 అంగుళములు. పెడళ్లు ఆ చక్రమునకే బిగింపబడియుండెను. చైను లేదు, గేర్లు లేవు. కావుననే మేజోళ్లు, మారు చొక్కా, గుడారముగాగూడ పనికివచ్చు వానకోటు, ఒక చిన్న పిస్తోలు తప్ప అతడు ఎక్కువ సామాను మోయజాలడయ్యెను. నిటారు దారులలో దిగి బండిని త్రోసికొని పోవలసివచ్చెను. నేడు మనకు ఎన్నుకొనుటకు వీలున్నది. వీలున్నచోట వివేకము కావలెను.

చట్రము: యాత్రకు ఉక్కు చట్రము నమ్మదగినది. విరిగినను చిన్న ఊరి వెల్డింగు పనివాడు దానిని తాత్కాలికముగా అతికింపగలడు. వెనుక భాగము కొంచెము పొడవుగా నుండవలెను. లేనియెడల త్రొక్కునపుడు మడమలు వెనుక సంచులకు తగులును. కేరియర్లు బిగించుటకు తగిన రంధ్రములు చట్రమునందే యున్నవో లేవో మొదటనే చూడవలెను.

చక్రములు: వెనుక చక్రము ముందుదానికంటె ఎక్కువ బరువు మోయును. అదిగాక, పళ్లచక్రముల కట్టకు చోటిచ్చుటకై దాని స్పోకులు రెండు ప్రక్కల సమానమైన వాలుతో నుండవు. కాబట్టి స్పోకులు తరచుగా తెగునది అక్కడనే. బరువు మోయు బండికి 36 స్పోకుల చక్రము తగినది. పందెపు బండ్లకు చాలు 20, 24 స్పోకుల చక్రములు ఇచ్చట పనికిరావు.

టైరు కొనునపుడు ఒక మోసమునకు లోబడరాదు. మన పాతరకపు బండ్ల టైరును 28 అంగుళములదందురు. దాని రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు. 700 సి అను రకమునుగూడ కొందరు 28 అంగుళములదే యందురు. దాని కొలత 622 మిల్లీమీటర్లు. భేదము 13 మిల్లీమీటర్లే యైనను ఒకదాని టైరు రెండవదానికి పట్టదు. కావున టైరు ప్రక్కన ముద్రించిన మిల్లీమీటర్ల అంకెనే చదువవలెను.

గేర్లు: ముందు పళ్లచక్రపు పండ్ల సంఖ్యను వెనుకదాని పండ్లచే భాగించి, చక్రపు వ్యాసముచే గుణింపుము. ముందు 44, వెనుక 18 పండ్లు, 28 అంగుళముల చక్రము గల ఊరి బండికి సుమారు 68 వచ్చును. ముందు 26, వెనుక 34 పండ్లు, 27 అంగుళముల చక్రము గల యాత్రాబండికి సుమారు 21 వచ్చును. అనగా పెడలుపై వేయవలసిన బలము మూడవ వంతునకు తగ్గును. అంతే దూరము పోవుటకు కాళ్లు మూడింతలు తిరుగవలెను. పని తగ్గదు, బలమే తగ్గును. తులాదండ సూత్రమును చదివిన విద్యార్థికి ఇది వింతగాదు.

ఫ్రాన్సు దేశమున సాంత్ ఎతియెన్ నగరవాసియైన పాల్ ద వివీ (1853–1930) ఈ సత్యమును తన పత్రికలో ఏండ్ల తరబడి బోధించెను. అయినను గేర్లు బలహీనులకే యను అభిమానము పందెగాండ్రను వదలలేదు. టూర్ ద ఫ్రాన్స్ పందెమున చైనును మార్చు గేర్లను 1937 వరకు అనుమతింపలేదు.

బ్రేకులు: విశాఖపట్టణము నుండి అరకుకు పోవు బాట సముద్రతీరమున మొదలై సుమారు 900 మీటర్ల ఎత్తునకు పోవును. మనిషి, బండి, సామాను కలిసి 100 కిలోగ్రాము లనుకొందము. ఆ యెత్తు దిగివచ్చునపుడు వెలువడు శక్తి సుమారు 8,82,000 జౌళ్లు. 3 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరుగునట్లు చేయుటకు అది చాలును. ఇందు కొంత గాలి హరించును. తక్కినదానిలో అధికభాగము బ్రేకులు వేడిగా మార్చవలెను. రిమ్మును పట్టు బ్రేకును విడువక నొక్కినచో రిమ్ము కాగి ట్యూబు పగులవచ్చును. డిస్కు బ్రేకునందు ఆ వేడి రిమ్మునకు తగులదు. అది తీగతో లాగబడునదైనచో దారిలో బాగుచేసికొనుట సులభము. ఏ బ్రేకైనను మలుపునకు ముందే వేగము తగ్గించి, వదలుచు పట్టుచు దిగుట క్షేమము.

సామాను: బరువైన వస్తువులను క్రిందుగా, ఇరుప్రక్కల సమముగా కట్టవలెను. ఎత్తున కట్టిన బరువు బండిని ఊగించును.

ధనము కొలదిగా నున్నపుడు మొదట చక్రములకును, బ్రేకులకును, సీటునకును వ్యయము చేయవలెను. రంగును, మెరుపును చివరకు చూచుకొనవచ్చును. బండి సిద్ధమైన పిమ్మట సామాను పూర్తిగా కట్టి, ఇంటికి దగ్గరగా ఒకదినము త్రొక్కి చూడవలెను. వదులైన మర ఇంటియొద్ద కనబడినచో అది పాఠము, ఘాటు మలుపున కనబడినచో అది ప్రాణాపాయము.

విద్యార్థులారా! ఒక్క స్పోకు తెగినచో దాని భారము ప్రక్కవానిపై పడును, అవియు క్రమముగా తెగును. కంటికి కనబడని చిన్న అంగమునకు తగిన విలువ నిచ్చువాడే దూరము పోగలడు.