జబ్బు చేసే బాక్టీరియాతో జబ్బు పడని చెట్టు



చేనులో జొన్న పోతే వచ్చే ఏడు మళ్ళీ విత్తుకుంటాం. మరి కాసే చెట్టు పోతే? మొక్క నాటి, కాపుకొచ్చేదాకా ఏళ్ళు ఆగాలి. అందుకే పండ్ల చెట్టుకు జబ్బొస్తే ఆ ఇంటికే జబ్బొచ్చినట్టు. అలాంటి ఒక జబ్బు గురించి, దాన్ని ఆపడానికి శాస్త్రవేత్తలు చేసిన పని గురించి తెలుసుకుందాం.

జబ్బు:
ఐరోపా దేశాల్లో ప్లమ్ తోటలు ఎక్కువ. ఎండబెట్టిన ప్లమ్ పండ్లను మన బజార్లో ఆల్‌బుకరా అంటారు. ఈ చెట్టుకు షార్కా అనే వైరస్ జబ్బు వస్తుంది. బల్గేరియా భాషలో షార్కా అంటే మశూచి, అంటే అమ్మవారు. కాయల మీద మచ్చలు పడి, పండకముందే రాలిపోతాయి. పేనుబంక ఒక చెట్టు రసం పీల్చి ఇంకో చెట్టు మీద వాలితే చాలు, అంటుకుంటుంది. దీనికి మందు లేదు, సోకిన చెట్టును నరికెయ్యాలి. 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో కనపడితే తోటలకు తోటలే కొట్టేశారు. అమెరికాలో ఈ జబ్బు పోయిందని 2019లో ప్రకటించారు.

బాక్టీరియా:
నేలలో ఆగ్రోబాక్టీరియం అనే బాక్టీరియా ఉంటుంది. చెట్టుకు గాయమైతే లోపలికి దూరి, మొదట్లో బుడిపె లేపుతుంది. ఈ సంగతి 1907లో అమెరికాలో స్మిత్, టౌన్‌సెండ్ కనుక్కున్నారు. అది తన డి.ఎన్.ఎ. ముక్కను చెట్టు కణంలో పెడుతుందని 1977లో మేరీ-డెల్ చిల్టన్ అనే ఆమె, ఆమెతో పనిచేసినవాళ్ళు చూపించారు. అంటే ఇది జన్యువులు మోసే బండి అన్నమాట. బుడిపె తెచ్చే జన్యువులు దించేసి, మనకు కావలసింది ఎక్కిస్తే దాన్నే మోసుకుపోతుంది.

చేసే పద్ధతి:
1. ప్లమ్ గింజ లోపల వేరుకూ బీజదళాలకూ మధ్య చిన్న కాడ ఉంటుంది. దాన్ని పలుచని చక్రాల్లా కోస్తారు.
2. షార్కా వైరస్ పైతొడుగు జన్యువును ఎక్కించిన బాక్టీరియా ద్రవంలో ఆ ముక్కల్ని ముంచుతారు.
3. తర్వాత బాక్టీరియాను చంపే మందు, జన్యువు చేరని కణాల్ని ఎదగనివ్వని మందు పెడతారు.
4. సైటోకైనిన్ ఎక్కువ ఇస్తే చిగురు, ఆక్సిన్ ఎక్కువ ఇస్తే వేరు వస్తుంది.

అన్నిటికంటే కష్టం నాలుగోది. జన్యువు చేరిన కణం చెట్టు కాకపోతే ఏం లాభం? మునగ కొమ్మ గుచ్చితే చెట్టవుతుంది గానీ, ఒక్క కణం నుంచి చెట్టు లేపడం అంత సులువు కాదు. ఎన్నో ముక్కలు పెడితే కొన్నే చిగురిస్తాయి.

ఫలితం:
అమెరికా వ్యవసాయ శాఖలో రాల్ఫ్ స్కోర్జా, ఆయన తోటివాళ్ళు ఇలా చేసిన చెట్టు పేరు హనీస్వీట్. వైరస్ లోపలికొస్తే దాని ఆర్.ఎన్.ఎ.ను ఈ చెట్టు కణాలు గుర్తుపట్టి ముక్కలు చేస్తాయి. పోలండ్, రొమేనియా, స్పెయిన్ దేశాల్లో జబ్బున్న చోటే నాటి, ఏళ్ళ తరబడి చూశారు. పేనుబంక వల్ల ఒక్క హనీస్వీట్ చెట్టుకూ సోకలేదు. అమెరికాలో 2007లో వ్యవసాయ శాఖ, ఆ తర్వాత పర్యావరణ సంస్థ అనుమతిచ్చాయి.

మనం ఆలోచించాల్సింది:
గింజ నుంచి లేపారు కాబట్టి హనీస్వీట్ అచ్చం తల్లి చెట్టు కాదు. మామిడి టెంక నాటితే తల్లి చెట్టు రుచే వస్తుందని చెప్పలేం గదా! అదే రుచి కావాలంటే తల్లి చెట్టు ఆకు నుంచో, కాడ నుంచో లేపాలి. చాలా పండ్ల చెట్లలో అది ఇంకా కష్టం.

ఇంకో మాట. హనీస్వీట్ షార్కాను తట్టుకుంటుంది, అంతే. మిగతా జబ్బులు రావని కాదు. రేపు మన ఊరికి ఎవరైనా కొత్త మొక్క తెచ్చి "దీనికి జబ్బే రాదు" అంటే మన అమ్మానాన్నల తరఫున మనమే అడగాలి: ఏ జబ్బు రాదు? ఎక్కడ నాటి చూశారు? ఎన్నేళ్ళు చూశారు? మనం చదువుకునేది అందుకే.

ప్రశ్నలు (జవాబులు రాసి గోడపత్రిక డబ్బాలో వెయ్యండి):
1. ఆగ్రోబాక్టీరియంను బండి అని ఎందుకన్నాం?
2. చిగురు రావడానికి ఏది ఎక్కువ ఇవ్వాలి?

— 9వ తరగతి విద్యార్థిని