మలేరియాపై పోరు: మొక్క నుంచి టీకా దాకా

పరీక్షల్లో మలేరియాపై ప్రశ్న ఎక్కువగా సికింద్రాబాద్ దగ్గరే మొదలవుతుంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని ఇక్కడే గుర్తించారు (నోబెల్ 1902). ఆగస్టు 20 ప్రపంచ దోమల దినం. మనిషి రక్తంలో ఆ జీవిని 1880లో చూసినవారు ఫ్రెంచ్ వైద్యుడు లావెరాన్ (నోబెల్ 1907). చాలామంది ఈ ఇద్దరినీ తారుమారు చేస్తారు.

అసలు శ్రద్ధగా చదవాల్సింది మలేరియా మందు ఆర్టిమిసినిన్ కథ. వియత్నాం యుద్ధకాలంలో, 1967 మే 23న మలేరియా మందు కోసం చైనా ‘ప్రాజెక్ట్ 523’ ప్రారంభించింది. అందులోని శాస్త్రవేత్త తూ యూయూ బృందం పాత వైద్య గ్రంథాలను గాలించింది. ఒక మొక్కను నీటిలో నానబెట్టి పిండాలని 4వ శతాబ్దపు చైనా వైద్యుడు గె హోంగ్ రాసిన విధానం ఆమెకు దారి చూపింది. వేడికి మందు గుణం పోతుందని గ్రహించి, తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే ఈథర్‌తో 1971లో సారం తీశారు. ఆ మొక్క పేరు ఆర్టిమీసియా యాన్యువా. మన మాచిపత్రికి దగ్గరి జాతి. ఆర్టిమిసినిన్ అణు నిర్మాణాన్ని ఎక్స్-రే వివర్తనంతో తేల్చారు. అందులోని పెరాక్సైడ్ వంతెనే మందుకు ప్రాణం. డాక్టరేట్ లేని తూ యూయూకు 2015 వైద్య నోబెల్‌లో సగం దక్కింది. మిగతా సగం కాంప్‌బెల్, ఒమురాలది.

మందు తర్వాత మలేరియా టీకాలు: ఆర్‌టీఎస్,ఎస్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో, ఆర్21ను 2023లో సిఫారసు చేసింది. రెండోదాన్ని పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది.