నమీబ్: కడలి పక్కనే కరవు నేల

ఉనికి: ఆఫ్రికా నైరుతి తీరంలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఆనుకుని అంగోలా, నమీబియా, దక్షిణాఫ్రికాల్లో సుమారు 2,000 కి.మీ. పొడవున విస్తరించిన ఎడారి ఇది. మకరరేఖ దీని మీదుగా వెళ్తుంది. ఇక్కడి ‘నమీబ్ ఇసుక సముద్రం’ 2013లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

శీతోష్ణస్థితి: సముద్రం పక్కనే ఉన్నా వాన ఎందుకు పడదు? కారణం బెంగ్వెలా శీతల ప్రవాహం. దాని మీద గాలి కింది పొర చల్లబడి బరువెక్కుతుంది. పైనున్న వెచ్చని పొర దాన్ని లేవనివ్వదు. అందుకే వాన మబ్బులు ఏర్పడవు, పొగమంచు మాత్రం దట్టంగా కమ్ముకుంటుంది. తీరంలో వార్షిక వర్షపాతం చాలాచోట్ల 25 మి.మీ. లోపే.

జీవజాలం: ఇక్కడి ఒక పెంకుపురుగు తెల్లవారుజామున ఇసుకదిబ్బ ఎక్కి తల కిందికి వంచి నిలబడుతుంది. వీపుపై చేరిన మంచు చుక్కలు జారి నోట్లో పడతాయి. వెల్విచియా మొక్క రెండే ఆకులతో వందల ఏళ్లు బతుకుతుంది.

చరిత్ర:
• 1486: పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ కేప్ క్రాస్‌లో రాతి శిలువ నాటాడు.
• 1884: జర్మనీ వలసపాలన ప్రారంభం.
• 1904-08: హెరెరో, నామా ప్రజల ఊచకోత.
• 1908: లూడెరిట్జ్ సమీపంలో వజ్రాలు బయటపడ్డాయి. అలా వెలసిన కోల్మన్‌స్కోప్ పట్టణం తర్వాత ఖాళీ అయింది. ఇళ్ల గదుల్లో ఇప్పుడు ఇసుక మేటలే.
• 1915: నమీబియాను దక్షిణాఫ్రికా ఆక్రమించింది.
• 1990 మార్చి 21: నమీబియాకు స్వాతంత్ర్యం. వాల్విస్ బే ఓడరేవు మాత్రం 1994లో దక్కింది.

భారత్‌తో లింకు: 2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి 8 చీతాలు మధ్యప్రదేశ్‌లోని కునోకు వచ్చాయి.

జతపరచడానికి (ఎడారి - శీతల ప్రవాహం): నమీబ్ - బెంగ్వెలా, అటకామా - పెరూ (హంబోల్ట్), సహారా పశ్చిమ తీరం - కానరీ.