నిద్ర లేవని లాప్‌టాప్ గురించి తమ్ముడికి

విశాఖపట్నం

చిరంజీవి తమ్ముడికి,

పోర్ట్ బ్లెయిర్‌లో మీ ఆఫీసు లినక్స్ లాప్‌టాప్ మూత మూసి తెరిస్తే లేవడం లేదనీ, "దీవిలో కరెంటే అంత" అని అందరూ తేల్చేశారనీ రాశావు. ఆ మాట దగ్గర ఆగిపోకు. అండమాన్‌లో కరెంటు ఎక్కువగా డీజిల్ జనరేటర్లదే, పోతూ వస్తూ ఉంటుంది, నిజమే. కానీ చార్జర్ పీకేసి, బ్యాటరీ మీద నిద్రపుచ్చి చూడు. అప్పుడూ లేవకపోతే తప్పు కరెంటుది కాదు.

ఇక ఫర్మ్‌వేర్‌ను, అంటే బయోస్‌ను, అనుమానించు. 1996లో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి ఏసీపీఐ అనే ప్రమాణం తెచ్చాయి. దాని ప్రకారం మూత, ఫ్యాను, బ్యాటరీ, నిద్ర ఎలా నడవాలో తయారీ కంపెనీ చిన్న ప్రోగ్రాముగా రాసి, డీఎస్‌డీటీ అనే పట్టికలో పెడుతుంది. దాన్ని నడిపేది మాత్రం లినక్స్ కెర్నెల్. రాసింది ఒకరు, నడిపేది ఇంకొకరు. రాతలో తప్పుంటే కూలేది కెర్నెల్, నిందా దానికే. పైగా ఆ ప్రోగ్రాము "నువ్వు ఫలానా విండోస్‌వేనా?" అని అడిగితే లినక్స్ అవునంటుంది. విండోస్ మీద మాత్రమే పరీక్షించి అమ్మేసిన యంత్రాలు ఎన్నో ఉన్నాయి మరి.

ఏసీపీఐని పూర్తిగా ఆపేయమని నీకు చాలామంది చెబుతారు. వినకు. ఆపేస్తే బ్యాటరీ ఎంత మిగిలిందో తెలియదు, నిద్ర ఉండదు, కొన్ని యంత్రాలు అసలు బూటే కావు. అలా ఆపడం తప్పు ఎటువైపుందో చూసుకోవడానికి ఒక్కసారి పనికొస్తుంది, అంతే.

కెర్నెల్‌లో పీఎం టెస్ట్ అని ఒక సదుపాయం ఉంది. నిద్రను మెట్టు మెట్టుగా పరీక్షిస్తుంది: ముందు ప్రోగ్రాములు, తర్వాత పరికరాలు, ఆ తర్వాత ప్లాట్‌ఫామ్, అంటే ఫర్మ్‌వేర్ పని. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని సెకన్లు ఆగి వెనక్కి వస్తుంది. పరికరాల మెట్టు దాటి ప్లాట్‌ఫామ్ దగ్గర బిగుసుకుపోతే ఫర్మ్‌వేర్ మీద అనుమానం బలపడినట్టే. పరికరాల దగ్గరే ఆగితే డ్రైవర్‌ను వెతుకు. లేచేటప్పుడు చచ్చిపోతే లాగ్ దొరకదు. అందుకు పీఎం ట్రేస్ ఉంది. ఎక్కడిదాకా వచ్చిందో ఆ గుర్తును గడియారం చిప్‌లో రాస్తుంది, రీబూట్ చేసినా అది చెరిగిపోదు. తేదీ మాత్రం తారుమారవుతుంది, కంగారు పడకు.

2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున ఇంటర్నెట్ కేబుల్ వచ్చింది కదా, తప్పు ఫర్మ్‌వేర్‌దైతే కొత్త బయోస్ దించుకోవడం ఇప్పుడు కష్టం కాదు. ఎక్కించేటప్పుడు మాత్రం బ్యాటరీ నిండా ఉండాలి, చార్జర్ కూడా తగిలించే ఉండాలి. మధ్యలో ఆగిపోతే బోర్డే పోవచ్చు. ముందు పాత డీఎస్‌డీటీ పట్టికను ఫైలుగా దాచుకో. ఐఏఎస్ఎల్ అనే ప్రోగ్రాముతో విప్పి చదివితే తప్పున్న వరుస ఒక్కోసారి కళ్లముందే ఉంటుంది.

బయోస్ వెర్షన్, కెర్నెల్ వెర్షన్, ఏ మెట్టు దగ్గర ఆగిందో రాసి నాకు పంపు. కంపెనీకి పంపే ఫిర్యాదు ఇద్దరం కలిసి రాద్దాం. అదే మోడల్ కొన్నవాళ్లందరికీ పనికొస్తుంది.

ఇట్లు,
అన్నయ్య